అద్దాల బిల్లు

మా ఆయన శాసనసభ్యుడు. ఆ మాట నేను గొప్పగా చెప్పుకోవడం మానేసి చాలా కాలమైంది. సభలో ఆయన చేసే పని కూర్చోవడం. మెత్తటి కుర్చీ, చల్లటి గది, ఎవరో ఏదో చదువుతూ ఉంటారు. ఈయనకు హాయిగా కునుకు పడుతుంది. అంతా అయ్యాక పక్కాయన తట్టి లేపితే ఇంటికి వస్తారు.

ఇంట్లో కూర్చోవడానికి మాత్రం అంత వీలుండదు. నాకు బ్యూటీ పార్లర్ ఉంది. పొద్దున్నుంచీ నిలబడే పని. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పడక కుర్చీ. నేను గడపలో అడుగు పెట్టేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉండాలని పెళ్ళైన కొత్తలోనే చెప్పేశాను. మొదట్లో అరవాల్సి వచ్చేది. పోను పోను నా చెప్పుల టపటప వినిపిస్తే చాలు, నిద్రలో ఉన్నా సరే లేచి, దిండు సర్ది నిలబడేవారు. మొగుణ్ణి మార్చడం ఎవరి తరమూ కాదంటారు గానీ, ఈ ఒక్క విషయంలో నేను సాధించాను.

ఇలా ఉండగా దేవుడి పాలన బిల్లు వచ్చింది. దాన్ని తెచ్చినాయన్ని అందరూ పైవాడి మనిషి అంటారు. ఏం మాట్లాడినా "నాదేముంది, అంతా పైవాడు పలికిస్తున్నాడు" అంటాడు. పైవాడు పలికించే మాటలన్నీ ఈయనకే కలిసిరావడం నేను చాలా కాలంగా గమనిస్తున్నాను. బిల్లు ప్రకారం ఇకమీదట దేశాన్ని ఏలేది దేవుడే. దేవుడికి తీరిక లేనప్పుడు ఆయన తరఫున పైవాడి మనిషి ఏలతాడు. దేవుడికి తీరిక ఉందో లేదో చెప్పేది కూడా పైవాడి మనిషే.

అంతవరకే అయితే పెద్దవాళ్ళ గొడవ మనకెందుకని ఊరుకుందును. కానీ భక్తిలో ఒకరికొకరు తీసిపోకూడదు కదా! ఒకాయన పాటలు నిషేధించమన్నాడు. ఇంకొకాయన ఆడవాళ్ళు గట్టిగా నవ్వకూడదని చేర్చాడు. మరొకాయన, ముఖం చూసుకోవడం అహంకారం కాబట్టి దేశంలో అద్దమన్నదే ఉండకూడదన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అన్నీ బిల్లులోకి ఎక్కాయి.

అద్దం లేకపోతే నా పార్లర్‌లో ఏం మిగులుతుంది? నాలుగు గోడలూ ఒక దువ్వెనా. ఒకరి దగ్గర చీవాట్లు తింటూ పని నేర్చుకుని పెట్టుకున్న కొట్టు అది. మా ఆయన ఒకసారి ఎన్నికల్లో ఓడి ఇంట్లో కూర్చున్నప్పుడు పొయ్యి వెలిగింది దాని మీదే. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది.

"మీరు వద్దని చెప్పండి," అన్నాను భోజనాల దగ్గర.

"వద్దనాలంటే లేచి నిలబడాలే. మా సభ పద్ధతి అది. ఒప్పుకునేవాళ్ళు ఊరికే కూర్చుంటే చాలు."

"అయితే నిలబడండి."

"దేవుడికి అడ్డంగానా? ముందు ఇంకెవరైనా లేవనీ, నేనూ లేస్తాను."

"మిగతావాళ్ళేమంటున్నారు?"

"అందరూ ఇదే అంటున్నారు. నిజం చెప్పాలంటే ఎవరికీ ఇష్టం లేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు చెప్పు?"

ఆ మాటకొస్తే పైవాడి మనిషికి మాత్రం ఇష్టమా? మొన్నే పెరటి గుమ్మంలోంచి వచ్చి, నా అద్దం ముందు కూర్చుని కనుబొమ్మలకు రంగు వేయించుకున్నాడు. అద్దాల సంగతేమిటని అడిగితే, "నాదేముందమ్మా, అంతా పైవాడే" అంటూ రెండో కనుబొమ్మ చూసుకున్నాడు.

బిల్లు ఓటుకొచ్చిన రోజు నేను కొట్లో నిలవలేకపోయాను. ఒకావిడ తలకు రంగు పూసి, కదలకుండా కూర్చోమని చెప్పి సభకు వెళ్ళాను. ఎదురుగా నిలబడి ముఖంలోకి చూస్తే మా ఆయనకు ఆ మాత్రం సిగ్గు రాకపోతుందా అని ఆశ. సందర్శకుల గ్యాలరీకి చెక్కమెట్లు. నేను ఎక్కుతూ ఉండగానే సభాపతి "వ్యతిరేకించేవాళ్ళు లేచి నిలబడండి" అని, అలవాటుగా తల దించుకుని పెన్ను తీశాడు. సభంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా చెప్పులు టపటపమన్నాయి.

మా ఆయన లేచి నిలబడ్డారు.

కళ్ళు ఇంకా సగం మూసుకునే ఉన్నాయి. ఒక చెయ్యి కుర్చీలో లేని దిండు కోసం వెతుకుతోంది. ఆ సంగతి పైనుంచి చూస్తున్న నాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కాయన గబుక్కున లేచాడు. వెనక వరస లేచింది. ఒకరు లేచారు కదా అని అందరూ లేచారు. తానొక్కడే కూర్చుంటే బాగుండదనుకున్నాడో ఏమో, చివరికి పైవాడి మనిషి కూడా లేచాడు. సభాపతి తలెత్తి చూసి, పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బిల్లు వీగిపోయింది.

నేను పరుగున వెళ్ళి ఆవిడ తల కడిగాను. రంగు ఎక్కువే పట్టింది. అద్దంలో చూసుకుని ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను, గట్టిగానే.

పత్రికలవాళ్ళు ఇంటికొచ్చారు. "అంత ధైర్యం ఎలా వచ్చింది సార్?" అని అడిగితే, "నా అంతరాత్మ లేవమంది" అన్నారు మా ఆయన. ఆ అంతరాత్మ వంటింట్లో వాళ్ళకే కాఫీ కలుపుతోంది. పోనీలే, మొగుడికి మంచి పేరొస్తే ఎవరికి చేదు అనుకున్నాను. ఆ వారమంతా పడక కుర్చీ కూడా ఆయనకే వదిలేశాను.

పైవాడి మనిషి మాత్రం ఊరుకోలేదు. ఆ రోజు గ్యాలరీలోకి ఎవరొచ్చారో ఆరా తీశాడు. మరుసటి సమావేశాల్లో ముందుగా ఒక చిన్న నియమం పెట్టాడు. ఆడవాళ్ళు గ్యాలరీలోకి రాకూడదు, వస్తే సభ్యుల ఏకాగ్రత చెడుతుందట. ఇంత చిన్నదానికి లేవడమెందుకని అందరూ కూర్చున్నారు. ఆ వెనకే పాత బిల్లు మళ్ళీ వచ్చింది. నేను వెళితే గేటు దగ్గరే ఆపేశారు. చెప్పులు నేలకేసి కొట్టుకుంటూ నడిచాను గానీ, అంత దూరం ఏం వినపడుతుంది?

సాయంత్రం మా ఆయన కొట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముఖం చూడగానే అర్థమైంది.

"లేవలేదా?"

"లేద్దామనే ఉన్నానే. నీ చెప్పుల చప్పుడు వినపళ్ళేదు మరి."

అద్దం ముందున్న కుర్చీ చూపించాను.

"అద్దాలు పట్టుకుపోవడానికి రేపు మనుషులొస్తారు. ఈలోగా ఒక్కసారి కూర్చుని మీ ముఖం మీరు చూసుకోండి."

కూర్చున్నారు. చాలాసేపు చూసుకున్నారు. నేను వెనకాలే నిలబడి ఉన్నాను. తరవాత జేబులోంచి దువ్వెన తీసి, పాపిడి సరిచేసుకున్నారు.