అగాధానికి ఒక్క పాచిక

సేనాని కాలు జారింది. అగాధంలోకి పడబోతూ తాడుకు వేలాడాడు. తాడు రెండో కొస వైద్యుడి నడుముకు కట్టి ఉంది.

సేనాని అంటే మా ఆయన. వైద్యుడు మా తమ్ముడు. అగాధమంటే మా భోజనాల బల్ల మీద పరిచిన గళ్ళకాగితంలో నేను పెన్సిలుతో నల్లగా రుద్దిన చోటు.

ఆట పేరు పాతాళకోట. తలా ఒక పాత్ర. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అది ఫలించేదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నేను. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఈ ఆటలో రాక్షసుణ్ణి చంపడం తేలిక, చెక్క తలుపు బద్దలుకొట్టడం కష్టం. రాసినవాడు నిద్రమత్తులో రాశాడని మా ఆయన నమ్మకం.

అయినా నేను దీన్ని వదలను. మా ఆయనా, తమ్ముడూ కలిసి ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నడిపేవారు. ఒక హోటల్‌వాళ్ళ కంప్రెసర్ మాడిపోయింది. తప్పు నీదంటే నీదని షాపు మధ్యలో గోడ లేపేశారు. అప్పటినుంచి మాటల్లేవు. ఆదివారం మధ్యాహ్నం ఈ బల్ల దగ్గర మాత్రం సేనానీ వైద్యుడూ మాట్లాడుకుంటారు. నాకు మిగిలింది అదే.

ఇవాళ మా ఆయన కుర్చీ పక్కన సీలు విప్పని కొత్త ఆట పెట్టె ఉంది. ఇద్దరే ఆడే ఆట.

“ఈ పిచ్చి రూల్స్‌తో నా సేనాని చచ్చాడో, ఇక నేను ఈ బల్ల ముందు కూర్చోను,” అని ముందే చెప్పేశాడు.

“తాడు రూల్ చదువమ్మాయ్,” అంది మా అత్తగారు. ఆవిడ మంత్రగత్తె.

చదివాను. ఒకే తాడుకున్న ఇద్దరికీ ఒకటే పాచిక. నాలుగుకు తగ్గితే ఇద్దరూ పడతారు. పైనున్నవాడు ముందే తాడు కోసుకుంటే బతుకుతాడు.

“చూశావా? నేను జారితే వాడెందుకు పడాలి? బుద్ధుందా రాసినవాడికి?”

“వైద్యుడా, ఏం చేస్తావు?” అడిగాను.

“పట్టుకుంటాను,” అన్నాడు తమ్ముడు.

“వైద్యవర్యా, తాడు కోయండి. ఇది సేనాని ఆజ్ఞ.”

“కోయను.”

“ఒరేయ్, కొయ్యరా! ఇద్దరం పోవడమెందుకు?”

ఆ ‘ఒరేయ్’ సేనానిది కాదు.

“కోయను బావా,” అన్నాడు తమ్ముడు కాగితం వైపే చూస్తూ. “నువ్వు పాచిక వెయ్యి.”

మా ఇంట్లో పాచిక అందరి ముందూ పళ్ళెంలోనే పడాలి. పడ్డాక మార్చేది లేదు. మా ఆయన వేశాడు. అది గిరగిరా తిరిగి ఆగింది.

రెండు.

“పోయారు,” అంది అత్తగారు. “అగాధం ఎంత లోతే?”

“అడుగు కనబడదు,” అన్నాను. నా నోటితో నేనే వేసుకున్న శిక్ష.

మా ఆయన పుస్తకం లాక్కున్నాడు. ఈ ఆట మీద ఆయన పెట్టే తిట్లన్నిట్లోకీ పెద్దది ఏ పేజీ గురించో నాకు తెలుసు. పేజీ దొరకగానే గొంతు చించుకున్నాడు.

“పడితే తగిలే దెబ్బ, ఎంత లోతైనా సరే, ఒక్క పాచిక! ఒక్కటే! ఇది రూల్!”

“ఆ రూల్ చెత్త అన్నావుగా బావా?”

“చెత్తే. నోర్మూసుకుని నీది వెయ్యి.”

తమ్ముడికి ఒకటి పడింది. మా ఆయనకి మూడు. సేనానికి అప్పటికున్న ప్రాణం నాలుగు, ఇంకా ఒకటి మిగిలింది.

అత్తగారు చప్పట్లు కొట్టింది. “కొండ మీంచి పడ్డా బతికించే ఆట ఇదొక్కటేరా!”

“కింద అంతా చీకటి,” అన్నాను. “ఇద్దరే ఉన్నారు. ఎక్కడో ఏదో ఊపిరి పీలుస్తోంది.”

“కాలు చూపించు బావా, కట్టు కడతాను.”

“ముందు దివిటీ వెలిగించరా. నీకెప్పుడూ తొందరే.”

“తొందరెవరికో ఆ కంప్రెసర్నడుగు.”

మా ఆయన తలెత్తాడు. ఆయన పెదవి ఒక పక్కకు వంకరపోయింది. నవ్వే.

“అది పైకెక్కాక తేల్చుకుందాం,” అన్నాడు. “ముందు ఆ ఊపిరి సంగతి చూడు.”

అత్తగారు కొత్త ఆట పెట్టెను బల్ల కిందికి లాగి దాని మీద కాళ్ళు చాపుకుంది. నేను రాక్షసుడి పాచిక అందుకున్నాను.