కొసరు కాదు, తూకం

నేను ఒక చేతి తరాజును. ఇనుప కాడ, రెండు ఇత్తడి పళ్ళేలు, నడుమ ఒక ముల్లు. నా ఆస్తి ఇంతే. పుట్టినప్పటి నుంచి బేరాల మధ్యే బతికాను కాబట్టి నా కథ కూడా లాభనష్టాల లెక్కలోనే చెబుతాను.

పాతబస్తీలో ఒక కమ్మరి నన్ను చేశాడు. మొదట కొన్నది ఒక ఉల్లిగడ్డల వ్యాపారి. పొద్దున్నే దేవుడికి అగరుబత్తి వెలిగించి, అదే చేత్తో నా పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అతికించేవాడు. కొనేవాళ్ళు నన్ను తిట్టేవారు, అతడిని మాత్రం సేఠ్ అని పిలిచేవారు. ఆ కొలువులో నాకు మిగిలింది చెడ్డపేరు. అతడు దుకాణం ఎత్తేశాక ఈదమ్మ చేతికి వచ్చాను.

ఈదమ్మ నగరం అంచున మంగళవారం అంగడిలో కూరగాయలు అమ్మేది. ముందుగా ఆ చింతపండు పీకేసి, నా పళ్ళేలు బూడిదతో తోమింది. ఆనాటి నుంచి నా లెక్క లాభంలో పడింది.

ఒక వానాకాలం ఆమె పక్కన ఎండుచేపల గంపతో కొత్త మనిషి కూర్చుంది. పేరు సెనువారా. బర్మాలో ఆమె ఊరు తగలబెడితే బిడ్డను చంకనేసుకుని సరిహద్దులు దాటి వచ్చింది. శరణార్థి కార్డు ఒకటి తప్ప చేతిలో ఏమీ లేదు, తూచడానికి తరాజు కూడా లేదు. ఈదమ్మ నన్ను ఆమెకు ఇచ్చేసింది. తను అప్పటికే కరెంటు కాంటా కొనుక్కుంది లెండి. పాతది ఇచ్చేయడం మనుషులకు కాస్త తేలిక.

సెనువారాకు మా అంగడి పద్ధతి తెలియదు. ముల్లు నిలిచేదాకా తూచి, సంచిలో పోసి ఊరుకునేది. "కొసరెయ్యవా?" అని కొనేవాళ్ళు గొంతు పెంచితే, తక్కువ తూచానని తిడుతున్నారనుకుని బెదిరిపోయి గుప్పెళ్ళకు గుప్పెళ్ళు వేసేసింది. మధ్యాహ్నానికే గంప ఖాళీ, చేతిలో పైసలు మాత్రం సగమే.

ఈదమ్మ తల కొట్టుకుంది. "ఓ పిచ్చిదానా! తూకం వాళ్ళ హక్కు. అండ్ల చిటికెడు తగ్గినా తప్పే. కొసరు నీ ఇష్టం. ఏస్తే ఏస్తవ్, లేకుంటే లేదు. గా రెంటినీ కలపకు!"

మరుసటి ఏడాది మిరపకాయల కొమురెల్లి అంగడి సంఘానికి పెద్ద అయ్యాడు. ఒక మంగళవారం పొద్దున వచ్చి, "దేశం గానోళ్ళకు ఈడ జాగ లేదు" అంటూ సెనువారా గంప మీద చెయ్యి వేశాడు. ఆ జాగ పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. బిడ్డ బడి మానుకోవాలి.

ఈదమ్మ వంకాయలు వదిలేసి లేచింది. "ఓ కొమురెల్లీ, నువ్వేమన్న ఈడనే పుట్టినవా? కరువుల పాలమూరు నుంచి మూటతోని రాలే? అప్పుడు నీ కాళ్ళకు చెప్పులు గూడ లేకుండె!"

జనం నవ్వారు. కొమురెల్లి మెత్తబడ్డాడు. "సరే అవ్వా, నీ మొకం జూసి ఒదిలేస్తున్న. మురుగు పారే ఆ మోరి పక్కన కూసోమను. పొమ్మన్ననాడు పోవాలె."

ఈదమ్మ ఊపిరి పీల్చుకుంది. సెనువారా మాత్రం కదల్లేదు. నన్ను పైకెత్తింది. ఒక పళ్ళెంలో రాయి, ఒక పళ్ళెంలో చేపలు. ముల్లు నిలిచాక పైన ఇంకో చేప వేసింది. 

"అన్నా, ఈ చేప కొసరు. మోరి పక్క జాగ గూడ కొసరే. మనసైతే ఇస్తవ్, లేకుంటే గుంజుకుంటవ్." ఆ చేపను తీసి గంపలో పడేసింది. "నాకు కొసరొద్దు. అందరి లెక్క నేను గూడ జాగకు పైసలు కడుతున్న. అందరి లెక్క ఊడుస్తున్న. నా తూకం నాకియ్యి."

అంగడిలో తూకానికి అడ్డం మాట్లాడిన వ్యాపారి దగ్గర ఎవరు కొంటారు? కొమురెల్లి చుట్టూ చూశాడు. "ఈమెకు బేరం నేర్పినోళ్ళెవల్లో గాని..." అని గొణుగుతూ సున్నం డబ్బా తెప్పించాడు. అందరి జాగలకూ ఉన్నట్టే ఆమె గంప చుట్టూ గీత గీశాడు. మోరి పక్కన కాదు, ఈదమ్మ పక్కనే.

అంతటితో ఆమె కష్టాలు తీరాయంటే అది దొంగ తూకమే అవుతుంది. ఈ దేశంలో ఉండనిస్తారో లేదో ఆమెకు ఇంకా తెలియదు. కానీ ఆ గీత మాసినప్పుడల్లా ఇప్పుడు కొమురెల్లే మళ్ళీ గీస్తున్నాడు.

సెనువారా కూడా కరెంటు కాంటా కొనుక్కుంది. నేను ఆమె గుడిసెలో మేకుకు వేలాడుతూ, ఇక నా లెక్క ముగిసిందనుకున్నాను. నిన్న ఆమె నన్ను దించి, బూడిదతో తోమింది. సోమాలియా నుంచి పారిపోయి వచ్చిన ఒకాయన ఖర్జూరాల సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"భాయ్, ముందుగాల తూకం నేర్చుకో" అంటూ నన్ను అతని చేతిలో పెట్టింది. "కొసరు సంగతి తర్వాత జెప్త."