దిండు మీద చుట్టకుదురు

చుట్టకుదురే, ఇంకేం కావాలి, దిండు మీద చుట్టకుదురు, దాని మీద చెంప, నడుమ గుంట, ఆ గుంటలో మెషిన్ మాస్కు దేనికీ తగలకుండా దర్జాగా కూర్చుంటుంది, ఇంత చిన్న ముక్క ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదురా నీ బుర్రకి, అని తనని తానే తిట్టుకున్నాడు మన్మథరావు, తిట్టుకుంటూనే నవ్వుకున్నాడు, ఆదివారం మధ్యాహ్నం, చేపల పులుసుతో భోజనం అయింది, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవు, తను కాపలా కాసే బాయిలరు ఈపాటికి చల్లబడి పడుంటుంది, ఇంట్లో తన ఊపిరి మెషిన్ మాత్రం మంచం పక్క స్టూలు మీద సిద్ధంగా ఉంది, గోడ అవతల నడవలో దుర్గ చాప పరుచుకుంటున్న అలికిడి వినిపించింది, పడుకో దుర్గా పడుకో, లేచేసరికి నీకో వింత చూపిస్తాను, ఈ రాత్రికి ఆ చాప చుట్టేసి అటకెక్కించాల్సిందే.

అంతా బొడ్డమ్మ చలవ, మూలపేట వైపు నుంచి చేపలు తెస్తుంది, పొద్దున్న అరుగు మీద గంప దించి, నెత్తి మీది గుడ్డ చుట్టను తీసి పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది, తను చూసింది గంపలోని వంజరం చేపని కాదు, ఆ చుట్టని, గుండ్రంగా, గట్టిగా, నడుమ బోలుగా, గుండె ఎగిరి గంతేసింది, బొడ్డమ్మా ఆ సుట్టకుదురు నాకిత్తావేటి అంటే ఆవిడ నోరెళ్లబెట్టింది, నీకెందుకు బాబూ, నువ్వుగాని గంపెత్తుతావేటి, ఇది సేపల కంపు, పాత సీరుంటే సుట్టుకో, ఎంతసేపు, అని నవ్వింది, నిజమే కదా, దుర్గ పాత చీర లాగి వాకిట్లో కూర్చుని మెలిపెట్టి చుడితే మొదటిది విడిపోయింది, రెండోది అప్పడంలా అణిగిపోయింది, ఆ తర్వాతది కుదిరింది, దుర్గ వంటింట్లోంచి తొంగిచూసి, ఏటి బావా, నా సీరతోటి బొమ్మలాటేటి, అంటే, సాయంత్రం సెప్తానుండే, అని ఊరించాడు, చెప్పకుండా ఉండడానికి నాలుక కొరుక్కోవాల్సి వచ్చింది.

ఎన్ని తిప్పలు పడ్డాడు ఈ మాస్కుతో, దీనికంటే గురకే నయమనిపించేది ఒక్కోసారి, గురకా అది, మావా మీ ఇంట్లో రాత్రిపూట బోరు తవ్వుతన్నారేటి అని పక్కింటి మనోహర్ అడిగేవాడు, గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని తనకేం తెలుసు, పగలు బాయిలరు దగ్గర నిలబడే కునుకు తీస్తుంటే ఓనరు తిట్టి శ్రీకాకుళం ఆస్పత్రికి పంపాడు, ఒంటినిండా వైర్లు పెట్టి ఒక రాత్రి పడుకోబెట్టి చూశారు, నిద్రలో గొంతు మూసుకుపోతోందయ్యా, ఇకమీదట గాలి మెషిన్ పెట్టుకునే పడుకోవాలి, పక్కకి తిరిగి పడుకుంటే ఇంకా మంచిది, అన్నాడు డాక్టరు, అనడం తేలికే, పక్కకి తిరగగానే దిండు మాస్కుని నొక్కేది, చెంప దగ్గర అంచు లేచేది, సుయ్యిమని ఈల, ఫ్యాక్టరీలో ఆవిరి ఏ గొట్టం దగ్గర పోతోందో చెవితోనే పట్టే మనిషి, తన ముక్కు దగ్గరి లీకు కట్టలేకపోవడం ఎంత తలవంపు, బాయిలరు వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, ఈల వస్తే బిగించు, ఇంకా వస్తే ఇంకా బిగించు, బిగించిన కొద్దీ ఈల పెరిగింది, పొద్దున్నే బుగ్గల మీద పట్టీల అచ్చులు, ఏటి మన్మథరావూ, రాత్రి కళ్లెమేసి కట్టీసినారేటి, అని లోడింగు వాళ్లు నవ్వారు, నవ్వితే నవ్వారు, దాని గురించి ఎవడికి బాధ, దుర్గ చాప పట్టుకెళ్లిపోయింది, అదీ బాధ.

నడవలో పడుకుంతాను బావా, అక్కడైతే నాకు నిద్ర పడతాది, అంది, కోపంగా కూడా అనలేదు, ఇంటి పెంకులు లేచిపోయే గురకని ఏళ్ల తరబడి భరించిన మనిషి, పక్క దిగని మనిషి, ఈ పిసరంత ఈలకి లేచిపోయిందా, ఒకటి రెండుసార్లు తలుపు దగ్గర నిలబడి చూశాడు, నోరు కాస్త తెరుచుకుని ఒళ్లెరగని నిద్ర, దోమ వాలినా తెలియని నిద్ర, నేను లేని చోట ఇంత సుఖమా నీకు, అనుకుని వెనక్కి వచ్చి పడుకున్నాడు, పెళ్లయిన కొత్తలో ఒక్క దుప్పట్లో ఇద్దరూ, ఆవిడ చల్లటి పాదాలు తన పిక్కలకి ఆనించి, ఊళ్లో వాళ్లందరి ముచ్చట్లూ చెప్పి చెప్పి మధ్యలోనే నిద్రలోకి జారేది, ఆ ముచ్చట్లు కావాలి తనకి, ఆ పాదాలు కావాలి, పేరు మన్మథరావు, పెళ్లాం గోడవతల చాప మీద, ఎవరికైనా చెప్పుకుంటే పరువుంటుందా.

పెట్టు మాస్కు, ఎక్కువ బిగించకు, ఆఁ, స్విచ్చి నొక్కు, గాలి వచ్చింది, ఎడమ పక్కకి తిరుగు, చెంప ఆనించు, సుయ్, అదిగో శని, కొంచెం పైకి జరుపు, ఇంకొంచెం, ఒక్కసారిగా ఆగిపోయింది, ఆగిపోయింది, లేదు, నిజంగానే ఈల లేదు, తను వదిలిన ఊపిరి మాస్కు బొక్కల్లోంచి మెల్లగా పోతున్న సవ్వడి తప్ప ఏమీ లేదు, కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకోవడం వినిపిస్తోంది, పోర్టు రోడ్డు మీద లారీ వినిపిస్తోంది, పెరట్లో కోడి గీరడం వినిపిస్తోంది, గట్టిగా అరవాలనుంది, నోరు తెరిస్తే గాలంతా తన్నుకొస్తుంది, నోరు మూసుకునే లోపల్లోపల కేకలు పెట్టాడు, గెలిచానే దుర్గా, లీకు కట్టేశానే, రాత్రి వచ్చి పడుకో, చెప్పు, ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ చెప్పు, నిద్రపోకుండా వింటాను, అనుకుంటూ అనుకుంటూ కళ్లు మూతలు పడుతున్నాయి, పడనీ.

దబదబా అడుగులు, భుజం పట్టి ఊపేస్తోంది ఎవరో, బావా, బావా, లెగు బావా, కళ్లు తెరిస్తే దుర్గ, జుట్టు ముడి ఊడిపోయి, చాప అచ్చులు మొహం మీద, ఆవిడ అరచెయ్యి తన ముక్కు దగ్గర ఉంది, మాస్కు లాగి లేచి కూర్చున్నాడు, ఏటే, ఏటైనాది, అంటే, సప్పుడు ఆగిపోనాది, నీకేటో అయిపోనాదనుకున్నాను, అని మంచం అంచున కూలబడింది, లీకు కట్టీసినానే ఎర్రిదానా, నీకోసమే, సప్పుడికే గదా నువ్వు నడవలోకి ఎల్లిపోనావు, అన్నాడు, దుర్గ తనవైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది, సప్పుడికా, నానా, నీకెవులు సెప్పినారు, ఇన్నేళ్లూ గుర్రుగుర్రుమంటా మద్దిలో ఊపిరాగిపోతే లేసి కూకునీదాన్ని, ముక్కు కాడ సెయ్యెట్టి సూసీదాన్ని, మళ్లీ గుర్రుమంతేగానీ నడుం వాల్సీదాన్ని కాదు, పక్కనుంతే ఇప్పటికీ సెయ్యి నీ ముక్కు కాడికే పోతాది, నడవలోకైతే సెయ్యందదు, నీ సుయ్యి మాత్రం ఇనపడతాది, అదలా ఇనపడతంతే కన్ను మూసుకుపోతాది, నిద్దట్లో కూడా ఇంతానే ఉంతాను గావాల, ఆగింతే మెలకువొచ్చీసినాది, అంది, అయితే ఇప్పుడేటి సేద్దాం అంటే, ఏటుంది, సప్పుడు నేకపోతే నీ పక్కకొచ్చి కూకుంతాను, అలవాటే గదా నాకు, అని చెదిరిన జుట్టు ముడేసుకుంది.

పక్కకొస్తాను అనలేదూ, అంతే కదా తను కోరుకున్నది, ముచ్చట్లు, చల్లటి పాదాలు, ఒక్క మాట అంటే చాలు ఈ రాత్రికే వచ్చేస్తుంది, వచ్చి కూర్చుంటుంది, చీకట్లో అరచెయ్యి తన ముక్కు దగ్గర పెట్టి, ఒద్దే, నువ్వెల్లి పడుకో, అన్నాడు, గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎవరో బరువైన గంప దించి వెళ్లినట్టు లోపలంతా తేలిగ్గా, సంబరంగా, ఏడుపొచ్చేలా ఉంది, మాస్కు పెట్టుకుని పక్కకి తిరిగాడు, కాస్త గాలి పోతే మెషినే సర్దుకుంటుందన్నాడు కదా డాక్టరు, చెంపని ఒక్క వేలి మందం కిందకి జరిపాడు, సుయ్యిమంది సన్నగా, గోడ అవతల చాప మీద దుర్గ నడుం వాల్చింది, ఒత్తిగిల్లింది, కాసేపటికి ఇంకే అలికిడీ లేదు, ఇన్నేళ్లూ తన పక్కన ఈ మనిషి నిద్రపోలేదు, ఇప్పుడు నిద్రపోతోంది, పోనీ.