నీలవేణి ఖాతాలో పడిన రూపాయి

నేను ఒక రూపాయిని. మోగను, నలగను, ఎవరి చేతి చెమటా ఎరగను. ఒక బీమా కంపెనీ కంప్యూటరులో పుట్టాను. పెద్ద మొత్తం పంపే ముందు ఖాతా ఆ మనిషిదేనా అని చూసి రమ్మని మావాళ్లను రోజూ వేలల్లో తోలుతారు. పేరు చూసి కబురు పంపితే మా పని సరి. ఆ తర్వాత మేమేమయ్యామో అడిగే నాథుడు లేడు. పుట్టిన రోజే విసిగిపోయాను.

నన్ను పలాస పంపారు. బైరి నీలవేణి అక్కడి కార్ఖానాలో జీడిపప్పు పొట్టు తీసేది. కాల్చిన జీడిపిక్కల నూనె ఒలికి చెయ్యి కాలడంతో కుడిచేతి వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. సోమవారం విశాఖలో ఆపరేషను. ఆలస్యమైతే కీళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పారు. దానికి కావలసిన బీమా డబ్బు నా వెనకాలే రావాలి.

నేను చేరగానే ఆమె ఫోను మోగింది. మెసేజీ చదివిన తమ్ముడు కూర్మారావు ముఖం మాడ్చుకున్నాడు.

"ముందు ఒక్క రూపాయే ఎస్తారక్కా. అది పడితే ఉన్నదంతా ఊడ్చేస్తారు."

పాపం, అతని తప్పేముంది? పోయిన నెలే బ్యాంకువాళ్లు కార్ఖానాకు వచ్చి, మోసగాళ్లుంటారు జాగ్రత్త అని గంటసేపు చెప్పి వెళ్లారు. నీలవేణి అప్పుడే బ్యాంకుకు పోయింది.

"ఎవులు పంపారో తెల్దు బాబూ. నా ఖాతాకి తాళమెయ్యండి."

చదువుకున్నవాళ్లకే ఇంత జాగ్రత్త లేదని గుమాస్తా మెచ్చుకుని మరీ వేశాడు.

మర్నాడు పెద్ద మొత్తం వచ్చింది. తలుపు మూసి ఉంటే వెనక్కి పోయింది. లోపలే ఉన్నాను, నోరు లేనివాణ్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం దాటిపోయింది. బ్యాంకుకూ బీమా కంపెనీకీ మధ్య ఉత్తరాలు తిరిగేసరికి ఏడు వారాలు పట్టింది. తాళం తీస్తూ గుమాస్తా అన్నాడు: "ఆ రూపాయి మీ డబ్బు పంపడానికి ముందు బీమావాళ్లు వేసిందేనమ్మా."

"ఆ ముక్క రూపాయితోపాటే చెప్పొచ్చు కద బాబూ," అంది నీలవేణి. ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు.

రూలు ప్రకారం ఇంకో రూపాయిని పంపి, ఆ తర్వాతే డబ్బు వేశారు. ఆపరేషను అయింది. మూడు వేళ్లు విచ్చుకున్నాయి. చూపుడువేలు మాత్రం బొటనవేలిని అందుకోదు. ఆ రెండూ కలవనిదే పప్పు పొట్టు ఊడదు. ఇప్పుడామె అదే కార్ఖానాలో చీపురు పట్టింది.

పేరు చూసి రమ్మన్నారు, చూశాను. ఆ చేతిని చూసి రమ్మని నాకెవరూ చెప్పలేదు.