ఆగాలా, దిగాలా, తిరిగి రావాలా

అమ్మకానికి వచ్చిన ఇళ్ళకి పైనుంచి ఫోటోలు తీసిపెట్టడం అల్లుడి పని. అందుకోసం అరచేతి కన్నా కాస్త పెద్దదైన డ్రోన్ ఒకటి కొన్నాడు. ఆ ఆదివారం పొద్దున పనికి బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో అడ్డుపడింది.

"నాన్నని కూడా తీసుకెళ్ళండి. నా మిక్సీ విప్పి బల్ల మీద పరిచారు. ఇంకో గంట ఇంట్లో ఉంటే ఫ్రిజ్ మీద పడతారు."

మామగారు లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఏ యంత్రాన్ని చూసినా అది ఎలా పనిచేస్తుందని ఆయన అడగరు, చెడిపోతే ఏం చేస్తుందని అడుగుతారు. సంబంధం కుదిరే రోజుల్లో అల్లుడి గురించి కూడా, "అబ్బాయి మంచివాడే, కోపం వస్తే ఏం చేస్తాడు?" అనే వాకబు చేశారట.

అమ్మకానికున్న మేడ ముందు స్కూటర్ ఆగగానే మామగారి మొహం ముడుచుకుపోయింది.

"ఈ వీధా? ముందే చెప్పుంటే మిక్సీ దగ్గరే ఉండేవాణ్ణిగా."

వెనక వీధిలో గ్రీజు ఉంటాడు. గ్రీజు అసలు పేరు అతని భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇద్దరూ ఒకే కంపెనీలో లిఫ్టులు బాగుచేసినవాళ్ళు, ఒకే క్యారియర్లో తిన్నవాళ్ళు. కరెంటు పోతే లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోవాలని మామగారు, మెల్లగా దగ్గరి అంతస్తుకి దిగి తలుపు తెరవాలని గ్రీజు. క్యాంటీన్లో మొదలైన ఆ వాదన మేనేజరు గదిలో ముదిరింది. కూతురి పెళ్ళికి మామగారు గ్రీజుని పిలవకపోవడంతో స్థిరపడిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

మామగారు వెనక వీధి వైపు చూడకుండా జాగ్రత్తగా నిలబడి డ్రోన్ మీద పడ్డారు.

"దీనికీ నీ చేతిలోదానికీ మధ్య తాడు తెగితే ఏం చేస్తుంది?"

"తాడుండదండీ మామయ్యగారూ. సిగ్నలు."

"అదే, కనపడని తాడు. తెగితే?"

"తనంతట తనే పైకి లేచి, ఎగిరిన చోటికి తిరిగొచ్చి దిగుతుందండి. ఎగిరేటప్పుడే ఈ చోటు గుర్తుపెట్టుకుంటుంది."

"ఎంత పైకి లేస్తుంది?"

అల్లుడు ఫోన్లో చూశాడు. ఆ ఎత్తు కొన్నప్పుడు ఎంతుందో అంతే ఉంది. పక్కనున్న సెల్ టవర్‌లో సగం కూడా లేదు.

"అంటే బెదిరిపోయి పరిగెత్తుకొస్తూ టవర్ని గుద్దుకుంటుందన్నమాట."

"ముందువైపు కళ్ళున్నాయండి. అడ్డం కనపడితే ఆగుతుంది."

"సన్నటి వైరు కనపడుతుందా?"

"కనపడకపోవచ్చండి."

"ఇంకేం చేయగలదు?"

"ఉన్నచోటే కిందికి దిగిపోయేలా పెట్టొచ్చు. లేకపోతే గాల్లో అలాగే నిలబడేలా పెట్టొచ్చు."

"నిలబడేలా పెట్టు. ఏం చేయాలో తెలీనప్పుడు కదలకూడదు."

ఎత్తు పెంచితే సరిపోతుందని అల్లుడికి తెలుసు. కానీ మామగారితో వాదించి నెగ్గినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నిలబడేలా పెట్టి ఎగరేశాడు.

ముందువైపు ఫోటోలు బాగా వచ్చాయి. వెనకవైపు కోసం డ్రోన్ని మేడ దాటించి, వెనక ఇళ్ళ మీద ఆపి, కెమెరా ఇటు తిప్పాడు. అది కూడా బ్రహ్మాండంగా వచ్చేదే. అంతలో చేతిలోని రిమోట్ కుయ్యిమని మూలిగి ఆరిపోయింది. డ్రోన్ బ్యాటరీలన్నిటికీ రాత్రే ఛార్జింగ్ పెట్టాడు గానీ, రిమోట్‌కి కూడా తిండి కావాలన్న సంగతి మరిచిపోయాడు.

"ఏమైంది?"

"తాడు తెగిందండి."

డ్రోన్ మాత్రం గాల్లో మేకు కొట్టినట్టు నిలబడింది. మామగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా, ఎంత బుద్ధిగా ఉందో."

"ఉందండి. బ్యాటరీ ఉన్నంతసేపూ ఉంటుంది."

"తర్వాత?"

"కింద ఏదుంటే దాని మీద దిగుతుందండి."

తిరిగొచ్చేలా పెట్టి ఉంటే ఈపాటికి కాళ్ళ దగ్గరుండేది. అల్లుడు ఆ మాట అనలేదు. అనకపోయినా మామగారికి వినపడింది. ఇద్దరూ వెనక వీధికి పరుగు తీశారు. డ్రోన్ సరిగ్గా గ్రీజు ఇంటి మీదుంది.

మామగారు గేటు దగ్గర ఆగిపోయారు. "నువ్వెళ్ళు," అన్నారు. అల్లుడు నాలుగడుగులు వేసి చూస్తే ఆయనా వెనకే వస్తున్నారు. తలుపు తీసిన గ్రీజు భార్య మామగారిని చూసి నిన్ననే వచ్చివెళ్ళిన మనిషిని చూసినట్టు, "పైనున్నారన్నయ్యగారూ," అంది.

డాబా మీద గ్రీజు నీళ్ళ ట్యాంకు కడిగి, మళ్ళీ నింపి, మూత కడగడానికి కిందికి పంపి, చేతిలో చీపురుతో ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"డ్రోన్ నాదండి. ఈయన మా మామగారు."

"ఆయన నాకు తెలుసు. తెలుసని ఆయనకి చెప్పకు."

మామగారు తీగ మీద ఆరేసిన దుప్పటి వైపు చూస్తూ, "అల్లుడూ, ఆ ట్యాంకు మూయమని చెప్పు," అన్నారు.

"మూత కింద ఉందని చెప్పు. ఎవరి మాట విని అది అక్కడ ఆగిందో కూడా అడుగు."

"ఆగడమే క్షేమమని చెప్పు."

"క్షేమంగా నా మంచినీళ్ళలోకి దిగుతోందని చెప్పు."

అల్లుడు ఎవరికీ ఏదీ చెప్పలేదు. చెప్పేందుకు ఖాళీ ఎక్కడ? డ్రోన్ దీపాలు ఎర్రగా కొట్టుకున్నాయి. బ్యాటరీ అడుగంటింది. అది మెల్లగా, తీరిగ్గా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు కిందికి దిగడం మొదలుపెట్టింది.

గ్రీజు ఒక ప్లాస్టిక్ బేసిన్ తిరగేసి రెండు చేతులా ట్యాంకు మీద పైకెత్తిపట్టాడు. డ్రోన్ దానికి జానెడు ఎత్తులో ఆగిపోయింది. బేసిన్ దించితే దిగింది. ఎత్తితే ఆగింది.

"ఏమిటి దీని వేళాకోళం?" అన్నాడు గ్రీజు.

"దాని కడుపు కింద కూడా కళ్ళున్నాయండి. మీ చేతులు వణుకుతున్నాయి కదా, దిగే చోటు కాదనుకుంటోంది."

గ్రీజుకి ఓపిక నశించింది. బేసిన్ అవతల పారేసి, కింది నుంచి చెయ్యి పెట్టి డ్రోన్ని నడుము దగ్గర పట్టుకున్నాడు. వదిలించుకోవాలని అది పట్టుబడ్డ కోడిలా గింజుకుంది. రెక్కలు రెట్టింపు రొదతో తిరిగాయి. చొక్కా చేతి గుండీ ఒకటి ఎగిరి నీళ్ళలో పడింది. అతను ముందుకి తూలాడు.

"బోర్లించండి, బోర్లిస్తే ఆగిపోతుంది," అన్నాడు అల్లుడు. ఆ రొదలో గ్రీజుకి వినపడలేదు. మామగారు ఒక్క అంగలో వెళ్ళి అతని నడుం పట్టుకుని వెనక్కి లాగుతూ చెవిలో అరిచారు.

"వదలకురా. తలకిందులు చెయ్యి."

గ్రీజు తలకిందులు చేశాడు. రెక్కలు ఆగిపోయాయి. మామగారి చేతులు ఇంకా గ్రీజు నడుం మీదే ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"నాతో మాట్లాడావు," అన్నాడు గ్రీజు.

"గోలలో మాట్లాడాను. లెక్కలోకి రాదు."

"సరే, ఇప్పుడు గోల లేదుగా, చెప్పు. ఆగి ఏం సాధించింది? ఉన్న బలమంతా గాల్లో నిలబడ్డానికే ఖర్చుపెట్టింది."

"దిగి ఏం సాధించింది? నీ పద్ధతిలో దిగే కదా ట్యాంకులో పడబోయింది. కింద ఏముందో తెలీకుండా దిగడమేమిట్రా?"

"లిఫ్టుకి కింద అంతస్తుంటుంది. ట్యాంకుండదు."

"ఇది లిఫ్టు కాదు."

"ఇందాకటి దాకా లిఫ్టే అన్నట్టు మాట్లాడావుగా."

అల్లుడు ధైర్యం చేశాడు. "అసలు చుట్టుపక్కల మేడల కన్నా ఎత్తు పెట్టుకుని, తిరిగొచ్చేలా..."

"నువ్వూరుకో," అన్నారు ఇద్దరూ.

అల్లుడికి కోపం రావాలి. కానీ చాలాకాలానికి కలిసి తిట్టడానికి ఇద్దరికీ ఒక మనిషి దొరికినట్టనిపించి నవ్వొచ్చింది. కిందికి దిగి, గ్రీజు భార్యని ఫోన్ ఛార్జరు అడిగి తీసుకుని రిమోట్‌కి తగిలించాడు. అది కళ్ళు తెరిచేలోపు ఆవిడ టీ ఇచ్చింది, పైకి రెండు గ్లాసులు పంపింది, కడిగిన మూత మాత్రం పంపలేదు. "ఇప్పుడు వెళ్తే నన్ను తీర్పు చెప్పమంటారు బాబూ," అంది.

అల్లుడు ఒక్కడే మేడ దగ్గరికెళ్ళాడు. టవర్ కన్నా ఎత్తు పెట్టాడు. కొత్త బ్యాటరీ వేసి, తిరిగొచ్చేలా మార్చి, కాసేపు ఎదురుగానే ఎగరేసి, కావాలనే రిమోట్ ఆపేశాడు. డ్రోన్ నిట్టనిలువునా లేచి, తిన్నగా వచ్చి, ఎగిరిన చోటికి మూరెడు పక్కన దిగింది. చూసి మెచ్చుకునేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. తనే ఒకసారి తలూపుకుని, మిగిలిన ఫోటోలు తీసుకున్నాడు.

మామగారి కోసం వెనక్కి వెళ్తే, ఇద్దరూ డాబా పిట్టగోడ మీద బొగ్గుతో లిఫ్టు బొమ్మ గీసి, దాని మీద పోట్లాడుకుంటున్నారు. అతను వచ్చిందీ వెళ్ళిందీ గమనించలేదు.

ఇంటికెళ్ళగానే భార్య, "నాన్నేరి?" అంది.

"గ్రీజుగారింట్లో."

ఆవిడ మిక్సీ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మాట్లాడుకుంటున్నారా?"

"తిట్టుకుంటున్నారు."

"అమ్మయ్య," అని ఆవిడ కుర్చీలో కూర్చుంది.

సాయంత్రం మామగారు గ్రీజు స్కూటర్ వెనక కూర్చుని వచ్చారు. గ్రీజు లోపలికొచ్చి, బల్ల మీద పరిచిన మిక్సీ ముక్కలు చూసి, ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకుని, "ఇది తప్పు వైపు నుంచి విప్పావు," అన్నాడు.