నట్టనడుమ ఇసుక గుంట

పచ్చిక మీద ఇనుప గొట్టం నిలబెట్టి, రెండు చేతులా అదిమి తిప్పాడు జక్కయ్య. గుండ్రటి మట్టిముద్ద ఊడొచ్చింది. బంతి పడే రంధ్రం రోజుకో చోట తవ్వి, అందులో జెండా పాతడం అతని పని. ఇవాళ కుడిమూల, కాలవ పక్కన పాతాడు.

పామర్రు దగ్గరి ఈ గోల్ఫ్ మైదానం ఒకప్పుడు వరిచేలు. వాటిలోనే నలభై ఏళ్లు దమ్ము చేశాడు. చదువు రాలేదుగానీ చదును వచ్చు. అంగుళం తేడా ఉన్నా అరికాళ్లు చెప్పేస్తాయి. నీళ్లు జారినవైపే బంతీ జారుతుందని ఈ పనిలో చేరిన వారంలో కనిపెట్టేశాడు. కార్లలో వచ్చే పెద్దమనుషులు ఆ జెండాను చూసి బుర్ర గోక్కుంటుంటే, భార్య శౌరమ్మ పోయాక అతను మురిసేది అప్పుడే.

క్లబ్బు సెక్రటరీ వెంకటకృష్ణారావు మట్టి ట్రాక్టరును వెంటబెట్టుకొచ్చాడు.

"ఏవయ్యా, ఆ నడిమి ఇసుక గుంట పూడ్చెయ్. బంతులు అందులో ఇరుక్కుంటున్నాయని మెంబర్లకి గోల్ఫు కన్నా గోలెక్కువైంది."

"పూడిస్తే ఆడేదేముందండీ? కళ్లు మూసుకు కొట్టెయ్యొచ్చు. చదును వరికి కావాలిగానీ ఆటకెందుకండీ?"

"నాకు పాఠాలా?"

"గుంటకి ఎడంపక్క బోలెడు జాగా, బెంగలేదు. కానీ అక్కణ్ణుంచి జెండాకేసి కొడితే బంతి వాలుకి జారి కాలవలో పడుద్ది. కుడిపక్క, గుంటకీ కాలవకీ మధ్య సన్నటి దారుంది. అందులోంచి కొట్టినోడికి వాలు ఎదురై ఆగుద్ది. కొట్టి చూడండి."

వెంకటకృష్ణారావు గోల్ఫు కర్ర తెప్పించుకుని ఎడమకు కొట్టాడు. రెండో దెబ్బకు బంతి కాలవలో బుడుంగుమంది. మళ్లీ మొదలెట్టి, ఈసారి సన్నటి దారికేసి చాలాసేపు చూశాడు. చెమట తుడుచుకుని కొట్టాడు. బంతి దారిలోనే నిలిచింది. తర్వాతి దెబ్బకు జెండా పక్కన ఆగింది. నవ్వు మీసాల్లో ఇమడలేదు.

"బాగానే ఉందిలే. అయినా కమిటీ మాట. పూడ్చు."

"నా చేత్తో పూడ్చనండి."

"అయితే రేపట్నుంచి రాకు."

"రేపటిదాకా ఎందుకండీ? ఇప్పుడే ఎల్తా."

జక్కయ్య గుంటలోకి దిగి, కాసేపటికి వట్టికాళ్లతో పైకొచ్చాడు. కాలవగట్టు పట్టుకుని రోడ్డుకేసి నడిచాడు. వెనక్కి చూడలేదు.

"మట్టి ఎక్కడ పొయ్యమంటారండీ?" ట్రాక్టరతను అడిగాడు.

"ఉండవయ్యా," అన్నాడు సెక్రటరీ, జేబులో ఇంకో బంతి తడుముకుంటూ.

ఇసుక మధ్యలో, క్లబ్బు ఇచ్చిన రబ్బరు బూట్లు రెండు, ముక్కులు ఆ సన్నటి దారివైపు తిప్పుకుని నిటారుగా నిలబడి ఉన్నాయి.