పరగడుపు మాత్ర

బనగానపల్లె బస్టాండు దగ్గర దేవేంద్రప్ప ఉగ్గాని బజ్జీల కొట్టుకు పేరొచ్చింది మిరపకాయ బజ్జీతోనే. తిన్నవాడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకొకటి అడుగుతాడు. ఆయన గుండెకు స్టెంటు వేయించుకుని కర్నూలు నుంచి వచ్చి రెండు నెలలయింది. దూరం నడవకూడదని ఇంటి వెనకే మరుగుదొడ్డి కట్టించారు. దాన్ని కడిగే పని కోడలు ఉదయశ్రీది.

కొన్నాళ్ళుగా ఆ పని చేస్తున్నప్పుడల్లా ఆమెకు దిగులుగా ఉంటోంది. మామ పోయివచ్చాక ఎన్ని బకెట్ల నీళ్ళు పోసినా వదలని నలుపు, ముక్కు పట్టుకోవాల్సిన వాసన. మామతో ఆ మాట ఎలా ఎత్తడం? అత్త మహాదేవమ్మ దగ్గర ఎత్తింది.

"అత్తా, మామకు దొడ్డికి నల్లగా పోతాండాది. తారు మాదిరి."

"రాగి సంగటి తినేవాళ్ళకు తెల్లగా పోతాదా మేయ్? మామ దొడ్డి సంగతి నీకేల? వింటే నవ్విపోతారు."

ఉదయశ్రీ బకెట్టు తీసుకుని పెరట్లోకి పోయింది. కానీ అదే కుండలో సంగటి తనూ తింటోంది, అత్తా తింటోంది. ఇంట్లో ఎవరికీ లేని నలుపు ఆయనొక్కడికే ఎందుకొస్తుంది?

మర్నాడు పొద్దున ఉగ్గానికి బొరుగుల గంప ఎత్తుకుని కొట్టుకు పోయింది. బాణలి ముందు నిలబడ్డ మామ పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఎదురుగా ఆటో నడిపే కంబన్న కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

"అప్పా, నీ బజ్జీ పేగులు కాల్చేసినాది. ఆ మాత్ర ఒకటి పడెయ్."

దేవేంద్రప్ప జేబులోంచి మాత్రల అట్ట తీసి ఒకటి చించి ఇచ్చాడు. "గ్యాసుకు మంచి మాత్రప్పా, పెద్ద డాక్టరు రాసింది. నా కొట్టులో తిని కడుపు మండిందనే మాట రాకూడదు."

ఉదయశ్రీ గంప దించింది. "మామా, అది మీ మాత్ర గదా?"

"నాకేం గ్యాసమ్మా? రాళ్ళు తిన్నా అరిగిపోతాది. గుండె మాత్రలు మాత్రం తప్పకుండా ఏసుకుంటాండానులే."

"అది గ్యాసుకు కాదు మామా. రక్తం పల్చబడే మాత్రలతో కడుపులో పుండు పడకుండా పరగడుపున ఏసుకోమని కర్నూల్లో నర్సమ్మ చెప్పింది. నేను విన్నా."

"సూసినావా కంబన్నా? మా కోడలు డాక్టరయింది!"

బెంచీల మీద వాళ్ళంతా నవ్వారు. ఆమె ఖాళీ గంప అందుకుని వెనక్కి తిరిగింది. తిరుగుతూనే చూసింది, మామ కళ్ళు మూసుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. నవ్వేవాళ్ళెవరూ అటు చూడలేదు.

"మామా, మీకు దొడ్డికి నల్లగా పోతాండాది. అది రక్తమేమోనని నాకు భయంగా ఉండాది. కడిగేది నేను, నాకు తెలుసు."

బాణలిలో బజ్జీలు మాడుతున్నాయి. దేవేంద్రప్ప తల వంచుకున్నాడు. కంబన్న చేతిలోని మాత్ర బల్ల మీద పెట్టి లేచాడు.

"అప్పా, ఆటో ఎక్కు."

దారిలో మహాదేవమ్మను ఎక్కించుకుని నంద్యాల వైపు బయల్దేరారు. విషయం విని ఆమె గుండెలు బాదుకుంది. "ఆ రక్తం మాత్రలు ఈ పొద్దు నుంచే మానిపించేద్దాం."

"మానితే స్టెంటు మూసుకుపోతాదంట అత్తా. అది డాక్టరు చెప్పల్ల, మనం కాదు."

దేవేంద్రప్ప దారి పొడవునా కోడలి వైపు చూడలేదు. కొట్టులో అందరి ముందు మామ మర్యాద తీశానే అని ఉదయశ్రీ కుమిలిపోయింది.

"ఏమైందండీ?" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

"కొంచెం నీరసం సార్. అంతే," అన్నాడు దేవేంద్రప్ప.

స్టెంటు సంగతి మహాదేవమ్మ చెప్పింది. డాక్టరు ఆయన కనురెప్ప కిందికి లాగి చూశాడు. "విరేచనం ఏ రంగులో అవుతోంది?"

మహాదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవేంద్రప్ప గోడకేసి చూశాడు. ఉదయశ్రీ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఒకసారి అన్నందుకే మామ ముఖం చాటేశాడు.

డాక్టరు మళ్ళీ అడిగాడు.

"నేనెప్పుడూ సూసుకోలేదు సార్," అన్నాడు దేవేంద్రప్ప. ఆటో ఎక్కాక మొదటిసారి కోడలి వైపు తిరిగాడు. "మా కోడలికి తెలుసు. చెప్పమ్మా, సిగ్గుపడాకు."

ఆమె చెప్పింది. రంగు, జిగురు, వాసన, ఎన్నాళ్ళ నుంచో, ఏ మాత్ర మానేశాడో, అన్నీ. డాక్టరు మధ్యలో ఆపలేదు. దేవేంద్రప్ప తల వంచుకోకుండా, తన ఒంటి సంగతి తనే కొత్తగా తెలుసుకుంటున్నట్టు చివరిదాకా విన్నాడు.